కాయని చెట్టూ కాల్చిన అట్లకాడా

నేను ఒక అట్లకాడను. అంటే, నన్ను కొన్నావిడ అలా అనుకునే కొంది. ఇప్పుడు మీరు మా డాబా మీదికి వచ్చి చూస్తే, నీలం రంగు డ్రమ్ములో నిమ్మచెట్టు మొదట్లో సగందాకా మట్టిలో దిగబడి కనిపిస్తాను. అట్లకాడకి ఇక్కడేం పని అని మీరు అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథే ఉంది. అందులో నాకే అర్థం కాని చోట్లు చాలా ఉన్నాయి. వాటిని అలాగే చెప్పేస్తాను. మీకేమైనా తేలితే నాకూ చెప్పి పుణ్యం కట్టుకోండి.

అసలు తికమక నా పుట్టుకతోనే మొదలైంది. అట్లకాడను కాకముందు నేను ఒక లారీ కింద కమాను పట్టీని. చక్రాల మీద బరువంతా మోసే వంపు తిరిగిన ఇనపబద్దల్లో ఒకదాన్నన్నమాట. ధాన్యం బస్తాలు మోశాను, మామిడికాయల బుట్టలు మోశాను, ఒకసారి బ్యాండుమేళంతో సహా పెళ్లివారిని కూడా మోశాను. చివరికి ఒక గుంటలో పడి రెండుగా విరిగాను. డ్రైవరు నన్ను నానా తిట్లూ తిట్టి రోడ్డు పక్కనున్న కమ్మరి కొలిమి ముందు పడేశాడు. గుంట చేసినవాణ్ణి మాత్రం ఏమీ అనలేదు. మనుషుల న్యాయం నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

కమ్మరి నన్ను ఎర్రగా కాల్చాడు. సుత్తి పెట్టి ఒక కొసని వెడల్పుగా సాగదీశాడు, రెండో కొసని సన్నగా లాగి చివర గోడకి తగిలించుకోవడానికి ఒంపు తిప్పాడు. ఆ కొడుతున్నంతసేపూ పక్కవాడితో తన కూతురి జ్వరం గురించే మాట్లాడాడు కానీ, నన్ను ఏం చేస్తున్నాడో ఒక్క ముక్క చెప్పలేదు. చల్లారాక నన్ను నేను చూసుకుంటే ఒకవైపు వెడల్పు, ఒకవైపు ఒంపు. ఇందులో నా తల ఏది, కాళ్ళు ఏవి? ఇప్పటికీ నాకు తెలియదు.

శివరాత్రి తీర్థంలో గోనెపట్టా మీద కత్తిపీటలూ పట్టకార్లూ గరిటెల మధ్య నన్ను పడుకోబెట్టారు. మంగతాయారు వచ్చింది. అప్పటికి ఆవిడది నల్లటి జడ. ఒక్కొక్కదాన్నీ తీసి, అంచుని బొటనవేలితో రాసి చూసి, పెదవి విరిచి పెట్టేస్తోంది. నన్ను తీసి చేతిలో కాస్త ఎగరేసి పట్టుకుంది.

"ఇది బరువుగా ఉంది. ఇదివ్వు. అట్టు కింద దూరితే అట్టు మాట వినాలి," అంది.

అలా నాకు పేరొచ్చింది, ఊరొచ్చింది, కాకినాడలో ఒక వంటింటి గోడకి మేకు కూడా వచ్చింది. ఆ రోజుల్లో నా బతుకులో గందరగోళం లేదు. పొద్దున్నే అట్లు తిప్పేదాన్ని. మిగతా వేళల్లో మంగతాయారు కొడుకు భీమశంకరాన్ని భయపెట్టేదాన్ని. వాడు బెల్లం డబ్బా మూత తీసినా, ఎక్కాలు అప్పచెప్పకుండా గోళీలకి పరిగెత్తినా, ఆవిడ నన్ను మేకు మీంచి తీసి చూపించేది. "అట్లకాడ కాల్చి వాత పెట్టేస్తాను వెధవా," అనేది. ఒక్కనాడూ పెట్టలేదు. కానీ వాడికి ఆ సంగతి తెలియదు కదా, నా ఒంపు కనిపిస్తే చాలు మంచం కింద దూరిపోయేవాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

భీమశంకరం పెద్దవాడై కరెంటాఫీసులో చేరి, హైమవతిని పెళ్లి చేసుకుని తెచ్చాడు. వంటిల్లు మెల్లగా కోడలి చేతికి వచ్చింది, వంటింటితో పాటు నేనూ వచ్చాను. హైమవతి మంచి పనిమంతురాలు. అట్టు అంచులు పల్చగా, కరకరలాడేలా వేసేది. అత్తగారు పెద్దగా మెచ్చుకోకపోయినా ఇంకో అట్టు వెయ్యమని అడిగేది. వాళ్ళిద్దరి మధ్య అదే మెచ్చుకోలు. ఏళ్ళు గడిచాయి. హైమవతి జుట్టులో కూడా తెల్లటి చారలు వచ్చాయి. అప్పుడు, ఎవరూ అడక్కుండా, ఆవిడ నవల రాయడం మొదలుపెట్టింది.

ఎందుకు మొదలుపెట్టిందో నన్నడక్కండి. ఆ రోజు పొద్దున్న నర్సరీ నుంచి ఒక నిమ్మమొక్క తెచ్చి, పాత నీలం డ్రమ్ములో పెట్టడానికి డాబా మీదికి తీసుకెళ్ళింది. మట్టి తవ్వే బొరిగెకి పిడి ఊడిపోయింది. గబగబా కిందికి దిగి, అటూ ఇటూ చూసి, మేకు మీంచి నన్ను లాక్కుని మళ్ళీ మెట్లెక్కింది. ఏమైందో నాకు తెలిసేలోపు ఒళ్ళంతా మట్టి. మెట్ల దగ్గర నించి మంగతాయారు కేక వినిపించింది.

"అట్లు వేసేదాంతో మట్టి తవ్వుతున్నావుటే?"

"కడిగేస్తానత్తయ్యగారూ."

కడిగింది, కాదనను. కానీ ఆ మధ్యాహ్నమే తెల్లకాగితాల కట్ట తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టుకుని ఏదో రాయడం మొదలుపెట్టింది. ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోబోతే చేతికందిన నన్ను తీసి దాని మీద పెట్టింది. పొద్దున అట్టు, పదింటికి మట్టి, మధ్యాహ్నం కాగితం. నాకు పిచ్చెక్కినట్టయింది. లారీ కింద ఉన్నప్పుడే నయం, గుంటలు తప్ప వేరే సందేహాలు ఉండేవి కావు.

ఆ రోజు నించి మా ఇంట్లో రోజులన్నీ అదే వరస. తెల్లారగానే హైమవతి నన్ను చంకలో పెట్టుకుని డాబా ఎక్కేది. వంకాయ తొట్టెలు, టమాటా, బచ్చలి తీగ, మిరప మొక్కలు. అన్నింటి మొదళ్ళూ నాతో గుల్ల చేసి, నీళ్ళు పోసి, కాయో ఆకో కోసుకుని దిగేది. నన్ను కడిగి అట్లు వేసేది. తర్వాత పొయ్యి మీద ఏదో ఒకటి పడేసి, గట్టు దగ్గర నిలబడే రాసేది.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. హైమవతికి పొయ్యి మీద ఏదైనా ఉడుకుతుంటే తప్ప కలం కదలదు. భీమశంకరం ముచ్చటపడి ముందుగదిలో బల్ల, కుర్చీ వేయించాడు. అక్కడ కూర్చుంటే ఆవిడకి ఒక్క ముక్క తోచేది కాదు. లేచి వచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టి నిలబడితే చాలు, చెయ్యి పరుగు. చారు కాగేలోపు చిన్న సంభాషణ ఒకటి అయ్యేది. కందిపప్పు ఉడికేలోపు ఒక పెళ్లిచూపులు. ఎవరికైనా చావు రాయాలంటే మాత్రం కందబచ్చలి పెట్టేది, అది నిదానంగా ఉడకాలి కదా. నవల ముందుకు సాగే కొద్దీ ఇంట్లో కూరలు ఎక్కువైపోయాయి. పక్కవాటాల వాళ్ళకి గిన్నెలు గిన్నెలు పంపేవారు. భీమశంకరానికి చొక్కాలు బిగుతైపోయాయి.

"హైమా, ఈ నవల పెద్దదా?" అని అడిగాడొకరోజు, మూడో కూర వడ్డించుకుంటూ.

"ఏమోనండీ, నాకూ తెలీడం లేదు," అంది.

నిజంగానే తెలీదు. నాకు తెలుసు తెలీదని. ధ్యాసంతా కథలో ఉండేసరికి పప్పులో ఉప్పు ఒకసారి వేసి, కథలో పిల్ల ఏడవగానే ఇంకోసారి వేసేది. బియ్యం కడిగిన నీళ్ళు మిరప మొక్కకి పోద్దామని పైకి పట్టుకెళ్ళి, అక్కడ నిలబడి ఆలోచించి, మళ్ళీ కిందికి తెచ్చి ఎసట్లో పోసింది. నాకు అంటిన పిండి కాగితాలకి అంటేది, కాగితాల సిరా నాకు అంటేది. ఒకరోజు భీమశంకరం అట్టు తుంచి వెలుతురుకి పట్టి చూశాడు. దాని మీద నీలంగా ఒక గీత ఉంది. చట్నీలో ముంచుకుని తినేశాడు.

ఈ గొడవలో నేను పడ్డ పెద్ద పొరపాటు శేషారత్నం సంగతి. ఇంట్లో రోజూ ఆ పేరే. భోజనాల దగ్గర భీమశంకరం అడిగేవాడు, "శేషారత్నం రైలెక్కిందా?" అని. "ఇంకా లేదండీ," అనేది హైమవతి, కంచం వైపు చూస్తూ. ఇంకోరోజు, "ఇవాళైనా ఎక్కుతుందా?" "ఎక్కినట్టే ఎక్కి దిగిపోయిందండీ." నేనేమో ఎవరో దగ్గర చుట్టం వస్తోంది కాబోలు, పాపం రైలు దొరకడం లేదు అనుకున్నాను. వస్తే అట్లు వెయ్యాలి కదా అని రోజూ సిద్ధంగా ఉండేదాన్ని. నెలలు గడిచినా ఆవిడ రాదే. ఇదెక్కడి రైలు, ఎక్కడి చుట్టం అని జుట్టు పీక్కుందామంటే, జుట్టుండాల్సిన కొస ఏదో నాకు తెలియదు.

చివరికి నాకు విషయం అర్థమైంది మంగతాయారు వల్ల. కోడలు డాబా ఎక్కగానే ఆవిడ కళ్ళజోడు తగిలించుకుని గట్టు దగ్గరికి వచ్చేది. నన్ను పక్కకి జరిపి, కాగితాలు తీసి పెదాలు కదుపుతూ చదువుకునేది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే అన్నీ సర్దేసి, నన్ను యథాప్రకారం పైన పెట్టేసి, ఏమీ ఎరగనట్టు చింతపండు పిసుకుతూ కూర్చునేది. ఆ పెదాల కదలికలో నాకు తెలిసింది, శేషారత్నం మనిషి కాదు, నవల్లో పిల్ల అని. ఒక చిన్న ఊళ్ళో సినిమా హాల్లో టికెట్లు అమ్ముతుంది. చేయి పట్టేంత కన్నం లోంచి ఏళ్ళ తరబడి ఊరందరికీ టికెట్లు ఇచ్చింది. హాలు మూసేశారు. అన్నగారింట్లో వండి వార్చుతూ పడి ఉండమన్నారు. బెజవాడలో ఉన్న స్నేహితురాలు తన కుట్టు దుకాణంలో పని ఉంది, రమ్మంది. శేషారత్నం రేకుపెట్టె పట్టుకుని స్టేషనుకి వచ్చింది. రైలెక్కుతుందా, వెనక్కి వెళ్ళిపోతుందా, అక్కడ ఆగిపోయింది కథ. ఏడాది పైగా ఆ పిల్ల ప్లాట్‌ఫాం మీదే నిలబడి ఉంది.

మంగతాయారు తను చదువుతున్న సంగతి బయటపెట్టేది కాదు. కానీ ఉండబట్టలేక ఒకనాడు వంకాయలు కోస్తూ అనేసింది.

"ఆ పిల్ల ఇంకా స్టేషన్లోనే ఉందా? కాళ్ళు పీకవుటే దానికి?"

హైమవతి చేతిలో గరిటె ఆగిపోయింది. మీకెలా తెలుసని అడగలేదు. "పీకుతున్నాయండీ," అంది, తనవే పీకుతున్నట్టు.

ఆ నెలలోనే ఒక వారపత్రిక నవలల పోటీ పెట్టింది. హైమవతి ఆ సంగతి ఎవరికంటే ముందు నిమ్మమొక్కకి చెప్పింది, నాతో దాని మొదలు గుల్ల చేస్తూ. "ఈసారి పంపలేకపోతే ఇంక రాయను. కాగితాలన్నీ మూటగట్టి పాతపేపర్లవాడికి ఇచ్చేస్తాను. ఒట్టు," అంది. మట్టి పెళ్లలు చిదుపుతూ మళ్ళీ అంది, "ఇంత వయసొచ్చింది, ఒక్క పనైనా చివరిదాకా చేశానని అనిపించుకోవద్దూ? నాకు భయంగా ఉందే." అసలు నిమ్మమొక్క పరిస్థితీ అంతంతమాత్రమే. నవలతో పాటే పుట్టింది, మనిషెత్తు పెరిగింది, ఆకులే ఆకులు. ఒక్క పూత లేదు, పిందె లేదు. నాకు మాత్రం ఆవిడ గొంతు విని జాలేసింది. ఇనుముకి జాలేమిటని మీరు అనుకోవచ్చు, నేనూ అదే అనుకున్నాను.

కాయని చెట్ల విషయంలో మంగతాయారు పుట్టింటివాళ్ళకి ఒక ఆచారం ఉంది. ఇనుము ఎర్రగా కాల్చి చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి ఒకరు బెదిరించాలి, "కాయకపోతే వాత పెట్టేస్తాను" అని. ఇంకొకరు అడ్డొచ్చి, "వద్దు, ఈ ఏడు కాస్తుంది, నాది పూచీ" అనాలి. బెదిరించినవాళ్ళే పూచీ పడకూడదు. ఎవరూ అడ్డు రాకపోతే మాత్రం వాత పెట్టి తీరాలి. ఊరికే అని ఊరుకుంటే చెట్టుకి మన మీద లెక్క ఉండదట.

అలా ఒకరోజు సాయంత్రం ఆవిడ నన్ను పొయ్యి మీద కాల్చి, ఒంపు చుట్టూ తడిగుడ్డ చుట్టి, మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కింది. భీమశంకరం చిన్నతనం నించి ఉత్తుత్తినే బెదిరించినదాన్ని, ఇప్పుడు ముసలితనంలో నిజంగా వాత పెట్టాలా?

"ఏమే, నీళ్ళు తాగడం వచ్చుగానీ కాయడం రాదా? ఇవాళ వాత పెట్టేస్తున్నాను," అంది నిమ్మచెట్టుతో, నన్ను దాని కాండం దగ్గరగా పెట్టి.

హైమవతి నవ్వాపుకుంటూ వచ్చి అడ్డం నిలబడింది. "వద్దత్తయ్యగారూ, ఈ ఏడు తప్పకుండా కాస్తుంది. నాది పూచీ."

"నీ పూచీ చూసి వదిలేస్తున్నాను," అంది మంగతాయారు గంభీరంగా. తర్వాత ఇద్దరూ డ్రమ్ము పక్కన కూర్చుని చాలాసేపు నవ్వుకున్నారు. వానలు పడ్డాక నిమ్మచెట్టు పూసింది. తను వేసిన ఎరువు వల్ల అని హైమవతి, వాత భయం వల్ల అని అత్తగారు. పూసిన చెట్టు ఎటూ తేల్చలేదు. మధ్యలో నాకేం తెలుస్తుంది?

నవల మాత్రం పూయలేదు. పోటీకి పంపవలసిన గడువు దగ్గరపడింది. హైమవతి శేషారత్నాన్ని రైలెక్కించింది, చదువుకుంది, ఇది అబద్ధం అని చించేసింది. ఇంటికి పంపేసింది, చదువుకుంది, ఏడుపొచ్చి అదీ చించేసింది. ఆ రోజు సేమియా పాయసంలో పోపు వేసింది. ఆవాలు తేలుతున్న పాయసాన్ని భీమశంకరం భార్య మొహం చూసి చివరిదాకా తాగాడు. ఆ మనిషి మంచివాడు, అంతకంటే ఏం చెప్పను.

గడువుకి ముందురోజు పొద్దున్నే మంగతాయారు పొయ్యి వెలిగించి నన్ను మంట మీద పెట్టింది. అట్లకి కాబోలు అనుకున్నాను. చూస్తే పెనం లేదు, పిండి గిన్నె లేదు. నేను ఎర్రబడుతున్నాను, నాకేమీ అర్థం కావడం లేదు. డాబా మీదికి తీసుకెళ్తుందేమో అనుకుంటే, ఆవిడ గట్టు వైపు తిరిగింది. అక్కడ నవల కాగితాలు దొంతరగా ఉన్నాయి, పైన చివరి కాగితం, అందులో శేషారత్నం రేకుపెట్టెతో నిలబడి ఉంది.

"హైమా, ఇలా రా," అని పిలిచింది. కోడలు వచ్చాక కాగితాల వైపు చూస్తూ మొదలుపెట్టింది. "ఇన్ని కూరలు తిన్నావు, ఇన్ని కాగితాలు తిన్నావు, కాయడం రాదా నీకు? ఇవాళ వాత పెట్టేస్తున్నాను."

నాకప్పుడు వెలిగింది, ఆవిడ నవలని బెదిరిస్తోందని. ఇంకేముంది, హైమవతి అడ్డొచ్చి పూచీ పడుతుంది, అందరం నవ్వుకుంటాం అనుకున్నాను. మంగతాయారు కూడా అలాగే అనుకుని ఉంటుంది, కోడలి వైపు ఓరగా చూసింది.

హైమవతి గోడకి ఆనుకుని చేతులు కట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పెట్టేయండత్తయ్యగారూ. కాల్చేయండి. నేను పూచీ పడలేను. ఇది కాసే చెట్టు కాదు," అంది.

మంగతాయారు మొహం చూడాల్సింది. ఆవిడ పుట్టింట్లో ఎన్నడూ ఇంతదాకా వచ్చి ఉండదు. మాట అనేసింది, ఇనుము ఎర్రగా ఉంది, అడ్డు పడాల్సిన మనిషి అడ్డు తప్పుకుంది. తను పూచీ పడకూడదు. చుట్టూ చూసి, "ఒరేయ్ శంకరం, ఒకసారి ఇలా రారా," అని కేకేసింది.

భీమశంకరం సగం గడ్డం గీసుకుని, సగం నురగతో వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. తల్లి చేతిలో ఎర్రగా కాలిన నన్ను చూశాడు. రిటైరుమెంటు దగ్గరపడిన ఆ మనిషి గుమ్మంలోనే ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నేనేం చెయ్యలేదమ్మా," అన్నాడు.

"నిన్ను కాదురా. ఏదో ఒకటి చెప్పు. వద్దను."

"ఏది వద్దనాలి?"

"నీ పెళ్ళాం నవలరా."

"నవల వద్దా?" అన్నాడు, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ. పాపం, తప్పు అతనిది కాదు. నాకే సగం అర్థం కాలేదు, నురగ మొహంతో వచ్చినవాడికి ఏం అర్థమౌతుంది. "మీరిద్దరూ ఏదనుకుంటే అదే," అని అక్కడే నిలబడిపోయాడు.

నేను చల్లారుతున్నాను. చల్లారేలోపు ఏదో ఒకటి తేలాలి, అదీ ఆచారంలో భాగమే. మంగతాయారు కోడలి వైపు తిరిగింది. "హైమా, ఒక్క మాటనవే," అంది, ఆ గొంతు బెదిరించేది కాదు, బతిమాలేది. హైమవతి తల అడ్డంగా ఊపింది. అప్పుడా ముసలావిడ కళ్ళు గట్టిగా మూసుకుని నన్ను కిందికి దించింది.

నా అంచు కాగితానికి తగిలింది. బతుకంతా నేను ఎవరికీ వాత పెట్టలేదు. మొదటి వాత శేషారత్నానికి పెట్టాల్సి వచ్చింది. కాగితం గోధుమరంగుకి తిరిగింది, సన్నగా పొగ లేచింది. నా వల్ల ఏదో పాడైపోతోందని తెలుస్తోంది, వెనక్కి తగ్గడం నా చేతిలో లేదు. చెయ్యే లేదు కదా నాకు.

ఆ కమురు వాసన హైమవతికి తగిలింది. ఉన్నపాటున ముందుకొచ్చి అత్తగారి మణికట్టు పట్టుకుంది.

"ఆగండత్తయ్యగారూ. అది ఇంకా టికెట్టు కొనలేదు."

మంగతాయారు కళ్ళు తెరిచింది. "ఏమిటీ?"

"టికెట్టండీ. ఎక్కుతుందా, ఎక్కదా అని ఏడాది నించీ కొట్టుకుంటున్నాను. అది టికెట్టే కొనలేదు. పెట్టెతో తిన్నగా ప్లాట్‌ఫాం మీదికి తెచ్చి నిలబెట్టేశాను. జన్మంతా ఊరందరికీ టికెట్లు అమ్మిందే, తనకి తను ఒక్కటి కొనుక్కోనివ్వలేదు నేను. నాకు తట్టనే లేదు."

మంగతాయారు నన్ను పైకెత్తింది. కాసేపు ఆలోచించి, "ఇది పూచీయేనా?" అని అడిగింది అనుమానంగా.

"పూచీయేనండీ. నాది పూచీ," అంది హైమవతి. అని, ఏడ్చింది. భీమశంకరం నురగ తుడుచుకుని అమ్మయ్య అన్నాడు, దేనికో తెలియకుండానే.

ఆ రోజు పొయ్యి మీద ముందు పప్పు పెట్టారు. తర్వాత పులుసు, ఆ తర్వాత కందబచ్చలి. హైమవతి గట్టు దగ్గర నిలబడి రాస్తూనే ఉంది. వడ్డన, గిన్నెలు, మొక్కలకి నీళ్ళు అన్నీ తల్లీకొడుకులు చూసుకున్నారు. శేషారత్నాన్ని ప్లాట్‌ఫాం మీంచి వెనక్కి తీసుకెళ్ళి టికెట్ల గది ముందు నిలబెట్టింది. అక్కడా అలాంటిదే, చేయి పట్టేంత కన్నం. ఇన్నేళ్ళూ ఆ పిల్ల చెయ్యి అవతలవైపు నించి వచ్చేది, ఇప్పుడు ఇవతలవైపు నించి లోపలికి వెళ్ళింది. అక్కడ నవల అయిపోయింది. రైలెక్కిందా లేదా రాయలేదు. సాయంత్రం కాఫీ తాగుతూ మంగతాయారు ఆ కాగితం అందరి ముందే చదివింది, కళ్ళజోడు దాచుకోకుండా. "ఎక్కుతుందిలే," అంది చివరికి. వాత పడిన కాగితం మళ్ళీ రాసే తీరిక లేక దాన్ని అలాగే కట్టలో పెట్టి మర్నాడు పొద్దున్నే భీమశంకరం పోస్టు చేసి వచ్చాడు.

నా సంగతి అడిగారు కదా. వాత పెట్టిన ఇనుము మళ్ళీ పొయ్యి మీదికి రాకూడదట, అదీ ఆ పుట్టింటి ఆచారమే. అందుకని మంగతాయారు నన్ను బొట్టు పెట్టి మరీ తెచ్చి ఈ డ్రమ్ములో గుచ్చింది. కాయల బరువుకి వంగిపోతున్న కింది కొమ్మకి నన్ను ఊతగా కట్టారు. వంటింట్లో ఇప్పుడు చెక్క అట్లకాడ ఉంది. తేలిగ్గా ఉంటుందట. అట్టు దాని మాట వింటుందో లేదో నాకు తెలియదు.

నవలకి బహుమతి రాలేదు. ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం హైమవతి డాబా మీదికి వచ్చి, నా పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వెనకే మంగతాయారు మెట్లెక్కి వచ్చింది.

"ఇంక రాయవా?" అని అడిగింది.

హైమవతి ముక్కు తుడుచుకుంది. "పంపలేకపోతే రాయనని ఒట్టు పెట్టుకున్నానండీ. పంపాను కదా." ఆ లెక్క నాకు సరిగ్గా అర్థం కాలేదు, అయినా ఒప్పుకోబుద్ధైంది. నిమ్మచెట్టు మొదటి కాయలు కోసి ఆ పూట పులిహోర చేశారు. ఉప్పు ఒక్కసారే పడిందని భీమశంకరం మెట్ల మీదికి వచ్చి మరీ చెప్పాడు.

నాకు తుప్పు పడుతోంది. వానొస్తే చల్లగా ఉంటుంది, ఎండొస్తే పెనం గుర్తొస్తుంది. నేను లారీ ముక్కనా, బొరిగెనా, కాగితాల మీద బరువునా, కొమ్మకి ఊతనా అని ఇక్కడ తీరిగ్గా ఆలోచించుకుంటూ ఉంటాను. హైమవతి ఈ మధ్య కుంపటి డాబా మీదికే తెచ్చుకుంది. దాని మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉంటుంది, పక్కన కొత్త కాగితాలు. మొన్న ఆవిడ రాసుకుంటుంటే మంగతాయారు ఎదురుగా కూర్చుని ఊరగాయకి నిమ్మకాయలు కోస్తోంది.

"ఈసారి ఎవర్ని నిలబెట్టావే?" అంది తలెత్తకుండా.

"ఒక పెద్దావిడనండీ."

"ఎక్కడ?"

"పొయ్యి దగ్గర."

మంగతాయారు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కోయడం మొదలుపెట్టింది. "కాళ్ళు పీకుతాయి. ముందు పీట వేయించు."

"వేయిస్తానండీ."

"ఆవిడ చేతిలో ఏముంది?"

హైమవతి కలం ఆపి నా వైపు తిరిగింది. మట్టిలో సగం, తుప్పులో సగం ఉన్న నన్ను చాలాసేపు చూసింది. ఏమంటుందోనని నేను ఎదురుచూస్తున్నాను.

"అట్లకాడండీ," అంది.